గడప దాటని కేసులు

(స్మారకోపన్యాస పాఠం)



పోయినవారిని కాసేపు పొగిడి, ఆ తర్వాత మనకు తోచింది మాట్లాడటం స్మారకోపన్యాసాల ఆనవాయితీ. ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పెద్దాయనకు పొగడ్త గిట్టేది కాదు. ఆయన ఛాంబర్లో ఏ కేసు కట్ట విప్పినా మొదటి కాగితం మీద ఎర్ర సిరాతో ఒక తేదీ కనిపించేది. గడువు ముగిసే తేదీ. క్లయింటు వైపు న్యాయముందా, సాక్ష్యముందా అన్న ప్రశ్నలన్నీ ఆ తేదీ చూసుకున్నాకే. ఆయన శిష్యుణ్ణి కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను. కోర్టులు అసలు తగాదా ఏమిటో తేల్చకుండానే కొట్టివేసే దావాలు, రిట్లు, అప్పీళ్లు - ఇదీ ఈ సాయంత్రం నా విషయం.

తెలుగు పత్రికల్లో కోర్టు వార్తలకు ఒక స్థిరమైన శీర్షిక ఉంది: ఫలానావారికి ‘సుప్రీంకోర్టులో చుక్కెదురు’. కింద నాలుగు పంక్తులు చదివితే, స్పెషల్ లీవ్ పిటిషన్ కొట్టేశారని, హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోబోమన్నారని ఉంటుంది. మర్నాటి నుంచి అవతలి పక్షం ఎక్కడ ఏ కాగితం వేసినా అందులో ఒకటే మాట. సర్వోన్నత న్యాయస్థానం కూడా మా వాదననే ఖాయపరిచింది! అధికారులు దాన్ని నమ్ముతారు. కిందికోర్టుల్లో కొందరు నమ్ముతారు. ఓడినవాడు అందరికంటే ముందు నమ్ముతాడు.

నిజానికి అక్కడ ఖాయమైంది ఏమీ లేదు. రాజ్యాంగం 136వ అధికరణం కింద వేసేది అప్పీలు కాదు, అప్పీలు వేసుకోనివ్వండి అని పెట్టుకునే అర్జీ. అనుమతి దొరక్కపోతే అప్పీలు పుట్టనట్టే. పుట్టని అప్పీలులో తీర్పు ఎక్కడిది? 2000లో కున్హయమ్మద్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి ఓపిగ్గా విడమరిచింది. కారణాలు చెప్పకుండా లీవ్ నిరాకరిస్తే హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు ఉత్తర్వులో విలీనం కాదు. 141వ అధికరణం ప్రకారం దేశమంతా కట్టుబడాల్సిన చట్టమూ అక్కడ తయారు కాదు. ఓడినవాడు తిరిగి అదే హైకోర్టులో రివ్యూ వేసుకోవచ్చు. పందొమ్మిదేళ్ల తర్వాత, 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మరో ముగ్గురు న్యాయమూర్తులు ఇదే సరైన చట్టమని మళ్లీ చెప్పవలసి వచ్చింది. అంటే అప్పటికీ కోర్టుల్లోనే ఈ విషయం మీద గందరగోళం పోలేదన్నమాట. ఇక పత్రికలవాళ్లను ఏమనగలం?

ఊళ్లో పరిస్థితి ఇంకా కటువు. గట్టు తగాదా మీద దావా వేసిన రైతు సాయంత్రం బస్సు దిగి ‘కేసు కొట్టేశారు’ అంటాడు. ఊరికి అది చాలు. వీడిది అబద్ధమని కోర్టే తేల్చిందంటారు. కోర్టు ఫీజు చాలలేదని కొట్టేశారా, సెక్షన్ 80 నోటీసు ఇవ్వకుండా ప్రభుత్వం మీద దావా వేశాడని కొట్టేశారా, ఆ రోజు వకీలు హాల్లో లేడని కొట్టేశారా అని అడిగేవాళ్లుండరు. గట్టు ఎవరిదన్న ప్రశ్న పొద్దున ఎలా ఉందో సాయంత్రానికీ అలాగే ఉందని చెప్పేవాళ్లు అంతకన్నా ఉండరు.

చట్టం మాత్రం ఈ తేడాను మొదటి నుంచీ గుర్తుపెట్టుకుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 ప్రకారం రెండోసారి దావా వేయకూడదనాలంటే మొదటిసారి ఆ వివాదాన్ని కోర్టు విని, తుదిగా తేల్చి ఉండాలి. వినకపోతే తేల్చినట్టు కాదు. 1961లో దర్యావ్ కేసులో జస్టిస్ గజేంద్రగడ్కర్ నాయకత్వంలో ఐదుగురు న్యాయమూర్తులు దీన్నే రిట్లకూ వర్తింపజేశారు. హైకోర్టు గుణదోషాలు విచారించి కొట్టేస్తే అదే ఫిర్యాదుతో 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు రావడానికి వీల్లేదు. ఆలస్యంగా వచ్చావనో, వేరే దారి ఉందనో కొట్టేస్తే మాత్రం ఆ అడ్డు ఉండదు. అందుకే ఉత్తర్వులో ‘డిస్మిస్డ్’ అన్న ఒక్క మాట సరిపోదు. ఎందుకు డిస్మిస్ అయిందన్న దాన్నిబట్టి క్లయింటు రేపటి దారి తేలుతుంది. ఏమీ రాయని ఒంటి వాక్యపు ఉత్తర్వు వచ్చిందంటే, అది ఏ రకం కొట్టివేతో తేల్చడానికే ఇంకో కోర్టు కూర్చోవాలి.

ఇప్పుడు మిమ్మల్ని కాసేపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోకి తీసుకెళ్తాను. పాతవాళ్లకు అది ఇంకా మునసబు కోర్టే. ఉదయం పదిన్నర, కాల్ వర్క్ జరుగుతోంది. బెంచి క్లర్కు నంబరు చదువుతాడు, వరండాలోకి తిరిగి అటెండరు వాది పేరు మూడుసార్లు కేకేస్తాడు. వాది, అంటే మన గట్టు తగాదా రైతు, కోర్టు దగ్గరే ఉన్నాడు. గేటు బయట జిరాక్సు షాపు దగ్గర పాసు పుస్తకం నకలు తీయిస్తున్నాడు. వకీలు మెట్ల అవతల సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో సాక్షిని క్రాస్ చేస్తున్నాడు. ఆయన జూనియరు ‘పాసోవర్ సర్’ అనడానికి పరుగెత్తుకొస్తున్నాడు, ఇంకా గుమ్మం దగ్గరికి చేరలేదు. ప్రతివాది హాజరు, వాది పిలిస్తే పలకలేదు, ప్రాతినిధ్యం లేదు. డాకెట్ మీద రెండు పంక్తులు పడ్డాయి. నాలుగేళ్ల దావా ముగిసింది. ముప్ఫై సెకన్లు పట్టిందేమో.

ఇందులో జడ్జిగారిని తప్పుపట్టలేం. ఆయన ముందు వందకు తక్కువ కాకుండా ఫైళ్లున్నాయి, పది కేసుల్లో ఇదే వకీలు నిన్నా లేడు, మొన్నా లేడు. కానీ ఈ రెండు పంక్తుల నుంచి ఏం పుడుతుందో చూడండి. ఆర్డర్ 9 కింద, ఆ రోజు ప్రతివాది కూడా రాకపోయి ఉంటే వాది గడువు లోపల కొత్త దావా వేసుకోవచ్చు. ప్రతివాది వచ్చి, వాది ఒక్కడే రాకపోతే అదే కారణం మీద కొత్త దావా వేసే హక్కు పోతుంది, పాతదాన్ని తిరిగి తెరిపించుకోవడమొక్కటే దారి. అందుకు గడువు ముప్ఫై రోజులు. ఆ ముప్ఫై దాటితే ఆలస్యం మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఇంకో మధ్యంతర దరఖాస్తు (ఐ.ఏ.). ప్రతివాది కౌంటరు వేస్తాడు, వాదనకు వాయిదాలు పడతాయి. ఆ ఐ.ఏ. కూడా ఒకరోజు పిలిస్తే పలికేవాడు లేక డిఫాల్టులో పోతుంది. దాన్ని తెరిపించడానికి మరో ఐ.ఏ. అలా ఫైలు లావెక్కుతుంది. గట్టు గురించి మాత్రం అందులో ఒక్క కాగితం కూడా పెరగదు.

ఆ ఐ.ఏ.కు జతచేసే అఫిడవిట్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. బారులో ఉన్నవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. ‘నాకు కామెర్లు వచ్చినవి, పసరు మందు తీసుకొని పథ్యంలో ఉన్నందున నా వకీలుగారికి వాస్తవములు తెలుపలేకపోతిని.’ మన జిల్లా కోర్టుల్లో టైపు మెషీన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా ఈ వాక్యం చెక్కుచెదరలేదు. పాత అఫిడవిట్లన్నీ దగ్గరపెట్టుకుని ఎవరైనా జిల్లా ఆరోగ్య చరిత్ర రాస్తే, ఇక్కడివాళ్లకు కామెర్లు సరిగ్గా వాయిదా రోజునే వస్తాయని తేలుతుంది.

ఎందుకిలా? అసలు కారణాలు చాలా మామూలువి. పత్తి ఏరడానికి కూలీలు దొరికింది ఆ ఒక్క రోజే. వకీలు డైరీలో తేదీ తప్పుగా పడింది. ఫీజు బాకీ ఉండి క్లయింటు మొహం చాటేశాడు. ఇవి ‘తగిన కారణం’గా కనిపిస్తాయో లేదోనని మనకు భయం, అందుకే రోగం రాయిస్తాం. నిజం చెప్పినవాడికంటే జబ్బు చెప్పినవాడికి తొందరగా తలుపు తెరుచుకుంటుందని మనమే మన క్లయింట్లకు నేర్పిస్తున్నాం. పద్ధతి కోసం పెట్టిన నిబంధన ప్రమాణం చేసి అబద్ధమాడటం అలవాటు చేస్తోందంటే, ఆ నిబంధన అమలులో ఎక్కడో తేడా ఉంది. తన వకీలు గైర్హాజరైనందుకు పార్టీని శిక్షించడం సరికాదని సుప్రీంకోర్టు 1981లోనే, అలహాబాద్ హైకోర్టు నుంచి వచ్చిన ఒక అప్పీలులో చెప్పింది. పల్లెటూరి మనిషి వకీలును పెట్టుకుని, ఫీజిచ్చి, ఇక తన పని అయిపోయిందనుకోవడం తప్పు కాదంది. ఆ తీర్పు పట్టుకుని ‘వాయిదా మేమే మరిచాం’ అని ధైర్యంగా రాసే వకీళ్లు ఎంతమంది? అలా రాస్తే క్లయింటు ముందు మన పరువు పోతుంది. కామెర్లు రాస్తే ఎవరి పరువూ పోదు.

మరణం సంగతి ఇంకా ఘోరం. వాది చనిపోతే తొంభై రోజుల్లో వారసులను రికార్డులోకి తేవాలి, లేకపోతే దావా అబేట్ అవుతుంది, అంటే దానంతటదే ముగిసిపోతుంది. ఆ అబేట్‌మెంటు తీయించుకోవడానికి మరో అరవై రోజులు. తండ్రి పేరున కోర్టులో కేసుందన్న సంగతే హైదరాబాదులోనో దుబాయిలోనో డల్లాసులోనో ఉన్న కొడుకులకు తెలియదు. దినవారాలయ్యాక ట్రంకు పెట్టె అడుగున వకాలత్ నకలు దొరికినప్పుడు తెలుస్తుంది. క్లయింటు చనిపోయాడని తెలిస్తే ఆయన వకీలు కోర్టుకు చెప్పాలని 1976 సవరణలో ఆర్డర్ 22లో 10-ఏ నిబంధన చేర్చారు. మంచి నిబంధన. దాన్ని పట్టించుకునే మెమోలు మాత్రం అరుదు. ఇక హైకోర్టులో అప్పీలు అడ్మిట్ అయి ఏళ్ల తరబడి పిలుపే రాకుండా పడి ఉంటే, అవతలివాడు బతికున్నాడో లేడో మూడు నెలలకోసారి వాకబు చేయాలా? అక్కర్లేదని, అలాంటి చోట ఉదారంగా చూడాలని 2008లో పెరుమాన్ భగవతి దేవస్వం కేసులో సుప్రీంకోర్టు అంది.

ఉదారత అన్న మాట వచ్చింది కాబట్టి అనంతనాగ్ కేసు ఎత్తక తప్పదు. ఈ గదిలోని వకీళ్లందరూ ఆలస్యం మన్నించమనే పిటిషన్లలో దాన్ని ఉదహరించి ఉంటారు. 1987 నాటి తీర్పు, రాసింది జస్టిస్ ఎం.పి. ఠక్కర్. అసలు న్యాయం ఒకవైపు, సాంకేతిక అభ్యంతరం మరొకవైపు నిలబడితే అసలు న్యాయానికే పెద్దపీట వేయాలని, అప్పీలు ఆలస్యంగా వేస్తే వేసినవాడికి వచ్చే లాభమేమీ లేదని, ప్రతి రోజు ఆలస్యానికీ లెక్క చెప్పమనడం మూర్ఖంగా ఉండకూడదని అందులో ఉంది. ఆ తీర్పు ఎవరికి మేలు చేసిందో కూడా గుర్తుచేసుకోవాలి. ఆలస్యం నాలుగే రోజులు. ఆలస్యం చేసింది భూసేకరణ కలెక్టరు. అవతల నిలబడింది భూమి పోగొట్టుకుని, పెంచిన పరిహారం కింద సుమారు 14 లక్షల రూపాయలు రావలసిన ఒక స్త్రీ. పేదవాడి కోసం మనం రోజూ వల్లించే వాక్యాలు పుట్టింది ప్రభుత్వాన్ని గట్టెక్కించడానికి! తీర్పు తప్పని నేననను. ఆ ఉదారత మొదట ఎవరి దోసిట్లో పడిందో చెబుతున్నాను, అంతే.

పాతికేళ్లకు పోస్టుమాస్టర్ జనరల్ కేసులో, 2012లో, సుప్రీంకోర్టు ధోరణి మారింది. తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చి, ఫైలు ఒక టేబులు నుంచి మరో టేబులుకు తిరిగిందని చెప్పుకుంటే, సర్కారు ఫైళ్ల నడక చెప్పి తప్పించుకునే రోజులు పోయాయంది. అంతకు ఏడాది ముందే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక భూమి కేసులో ఇంకా పెద్ద అంకెలు ఉన్నాయి. దావా గెలిచిన మనిషి చనిపోయాడు. ప్రభుత్వ అప్పీలులో ఆయన వారసులను చేర్చలేదు, అప్పీలు పోయింది. వారసులను చేర్చడంలో 3,703 రోజుల ఆలస్యం, కొట్టివేత రద్దు కోరడంలో 883 రోజుల ఆలస్యం. పదేళ్లు దాటిన ఈ నిర్లక్ష్యాన్ని గమనించి కూడా మన హైకోర్టు మన్నించింది. సుప్రీంకోర్టు 2011లో ఆ మన్నింపును కొట్టేసింది. కిందికోర్టులో గెలిచిన కుటుంబాన్ని ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కోర్టుకు లాగడమంటే ఎలా ఉంటుందో ఊహించండి. గడువు అనేది బలహీనుడికి కూడా రక్ష. పద్ధతులన్నీ తీసి గోదాట్లో కలిపేద్దామనే మనిషిని నేను కాను. 2020 మార్చిలో రాజ్యాంగ ధర్మాసనం వినియోగదారుల కేసుల్లో అవతలి పక్షం జవాబు వేయడానికి ముప్ఫై రోజులు, మహా అయితే ఇంకో పదిహేను, ఆ తర్వాత ఒక్క రోజు కూడా కుదరదంది. ఆ కచ్చితత్వం వల్ల నష్టపోయేది ఎక్కువగా వకీళ్ల పటాలం ఉన్న బీమా కంపెనీలే. వినియోగదారుడికి దానివల్ల ఒరిగేది ఎక్కువ.

కాబట్టి నా ఫిర్యాదు నిబంధన మీద కాదు. నిబంధనను ఏ దశలో బయటికి తీస్తున్నాం, దాన్ని వాడి కొట్టేశాక ఏం రాస్తున్నాం అన్న దాని మీద.

రిట్ల సంగతి చూడండి. ‘ప్రత్యామ్నాయ మార్గం ఉంది, అక్కడికి వెళ్లు’ అన్నది కౌంటర్లలో మొదటి పేరా. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొద్ది నెలలకే ఈ అభ్యంతరం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. క్రాస్‌రోడ్స్ అనే ఇంగ్లీషు వారపత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి, కాబట్టి నిషేధం మనవాళ్లకూ వర్తించింది. రమేశ్ థాపర్ నేరుగా సుప్రీంకోర్టుకెక్కితే, ముందు మద్రాసు హైకోర్టుకు వెళ్లి ఉండాల్సిందని అడ్వొకేట్ జనరల్ అభ్యంతరం లేవనెత్తారు. కోర్టు తోసిపుచ్చింది. ప్రాథమిక హక్కుల కోసం తన దగ్గరికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపే అధికారం తనకు లేదంది. 1962లో ఇంకో మెట్టు ఎక్కింది. 32వ అధికరణం కింద పిటిషన్ వేసినవాణ్ణి ఖర్చుల కోసం జామీను కట్టమనేందుకు సుప్రీంకోర్టు తానే ఒక నిబంధన రాసుకుంది. దాని కింద 2,500 రూపాయలు కట్టమన్నారని ప్రేమ్‌చంద్ గార్గ్ సవాలు చేశారు. డబ్బు కడితేనే వింటామంటే అది హక్కు ఎలా అవుతుందని అడిగారు. ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు సొంత కోర్టు నిబంధననే కొట్టేశారు. ఆ రెండు తీర్పులనూ ఎవరూ తోసిపుచ్చలేదు. అయినా ఇవాళ 32 కింద వెళ్లినవారికి ఎక్కువగా వినిపించేది ‘హైకోర్టుకు వెళ్లండి’ అన్న మాటే. పెండింగు కేసుల ఒత్తిడి నాకు అర్థమవుతుంది. అర్థం కానిది, రమేశ్ థాపర్ నాటి ఆ సూత్రాన్ని మార్చామని ఎక్కడా చెప్పకుండా మార్చేయడం.

హైకోర్టులో 226వ అధికరణం కింద నియమం వేరు. అక్కడ ప్రత్యామ్నాయ మార్గం చూడటం కోర్టు విచక్షణ. ప్రాథమిక హక్కులకు భంగం, సహజన్యాయ సూత్రాల ఉల్లంఘన, అధికార పరిధి లేకపోవడం, చట్టం చెల్లుబాటుకే సవాలు ఉన్నప్పుడు ఆ అడ్డు నిలవదని 1998 నాటి వర్ల్‌పూల్ కేసు చెబుతుంది. చిక్కు ఎక్కడంటే, రిట్టు అడ్మిట్ చేసుకుంటారు, మధ్యంతర ఉత్తర్వూ ఇస్తారు. ఏడెనిమిదేళ్లు గడిచాక తుది విచారణ రోజున ‘అప్పీలు మార్గం ఉంది కదా’ అంటారు. అప్పటికి అప్పీలు గడువు ఎప్పుడో దాటింది. ఒకసారి పిటిషన్ స్వీకరించి విన్న తర్వాత ఈ కారణంతో గెంటేయకూడదని హిర్దయ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు 1970లోనే చెప్పింది. ఆ తీర్పును కౌంటరు పేరాకు జవాబుగా వాడుతున్నవాళ్లు నాకు తక్కువగా కనిపిస్తున్నారు. జూనియర్లు ఆ పేరు రాసుకోండి.

చూపించిన మార్గం నిజంగా ఉందా అన్నది మరో ప్రశ్న. తెలంగాణలో పాత పాసు పుస్తకాల చట్టం కింద తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓకు అప్పీలు, జాయింట్ కలెక్టరుకు రివిజన్ ఉండేవి. 2020 నాటి కొత్త చట్టం ఆ మెట్లు తీసేసింది. 2025లో భూభారతి చట్టం వచ్చి మళ్లీ అప్పీళ్లు పెట్టింది. మధ్యలో ధరణి పోర్టల్‌లో పేరు తప్పుపడ్డ రైతుకు ‘వేరే చోటికి వెళ్లు’ అంటే ఎక్కడికి వెళ్లాలి? నాలుగు గుంటల కోసం సివిల్ కోర్టులో టైటిల్ దావా వేయాలి. మార్గం ఉంది అనేముందు ఆ మార్గంలో పోయేవాడి జేబు ఎంతో కూడా చూడాలి.

గడువు దాటిపోతే రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఏమీ చేయలేదా? ఇందుకు మన కాకినాడ కేసే ఉంది. వ్యాట్ అసెస్‌మెంటు మీద అప్పీలుకు ఆంధ్రప్రదేశ్ చట్టం ముప్ఫై రోజులిచ్చింది, తగిన కారణం చూపితే మరో ముప్ఫై. గ్లాక్సో కంపెనీ అది దాటాక వచ్చి, అప్పీలు పోయాక రిట్టు వేసింది. హైకోర్టు విని అసెస్‌మెంటును రద్దు చేసింది. 2020 మేలో సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. శాసనసభ గీసిన గీతను రిట్టు పేరుతో చెరపకూడదంది. చట్టం మాట వరకూ ఆ తీర్పుతో పేచీ పెట్టుకోను. ఆ పన్ను అసలు పడాలా వద్దా అన్నదానికి మాత్రం ఆ తీర్పులో జవాబు లేదు. ఇదే కోర్టు అంతకు నెలన్నర ముందే, అదే ఏడాది మార్చి 23న, కోవిడ్ కారణంగా దేశంలో గడువులన్నిటినీ తనంతట తానుగా పొడిగించింది. ఆ తర్వాత 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచే తీసేసింది. అందరి కష్టం ఒకేసారి కంటపడితే క్యాలెండరు ఆగుతుందన్నమాట. ఒక్కడి కష్టానికి అది ఆగదు.

గడప దగ్గర ఆపేయడం ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే ఎమర్జెన్సీని తలచుకోవాలి. మీసా కింద జైల్లో పెట్టినవాళ్లు హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది కాబట్టి ఈ పిటిషన్లు నిలవవని ప్రభుత్వం ప్రాథమిక అభ్యంతరం లేవదీసింది. పలు హైకోర్టులు ఒప్పుకోలేదు. నిర్బంధం చట్టం ప్రకారం జరిగిందో లేదో చూస్తామన్నాయి. 1976 ఏప్రిల్ 28న ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒకవైపుగా చీలి, ఈ పిటిషన్ వేసే అర్హత ఎవరికీ లేదని తీర్పిచ్చింది. ఫలానా మనిషిని ఎందుకు పట్టుకెళ్లారు, ఉత్తర్వు సరైనదేనా, సంతకం ఎవరిది, ఏమీ చూడనక్కర్లేకపోయింది. అసలు విషయం మీద కోర్టు ఒక్క తప్పుడు మాట కూడా మాట్లాడలేదు, ఎందుకంటే దాని జోలికే పోలేదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఆ తీర్పును రద్దు చేశారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ పి.ఎన్. భగవతి, 1981లో ఎస్.పి. గుప్తా కేసులో, కోర్టుకు రాలేని పేదవాడి తరఫున ఎవరైనా రావచ్చని అర్హత అనే గడపనే బాగా దించారు. ఒకే మనిషి చేతిలో అదే సూత్రం ఐదేళ్లలో రెండు రకాలుగా పలికింది.

స్వేచ్ఛకు సంబంధించిన ఇంకో చోట మన చట్టం తెలివిగానే ఉంది. సివిల్ అప్పీలుదారు రాకపోతే అప్పీలు డిఫాల్టులో కొట్టేయవచ్చు కాని, గుణదోషాలు చర్చించి కొట్టేయకూడదు. 1976లో ఆర్డర్ 41 రూల్ 17కు చేర్చిన వివరణ అది. క్రిమినల్ అప్పీలులో సరిగ్గా తలకిందులు. వకీలు రాలేదని డిఫాల్టులో కొట్టేయకూడదు, రికార్డు చదివి తేల్చాల్సిందేనని 1996లో ముగ్గురు న్యాయమూర్తులు చెప్పారు. జైలు శిక్ష పడినవాడి విషయంలో అది సాధ్యమైనప్పుడు, భూమి పోయినవాడి విషయంలో కనీసం ఒక్క వాక్యం అదనంగా రాయడం సాధ్యం కాదా?

వేదిక మీద ఉన్న న్యాయమూర్తులను నేను అడిగేది ఆ వాక్యమే. వివాదం గుణదోషాల జోలికి మేం వెళ్లలేదు, పిటిషనరు ఫలానా చోటికి వెళ్లవచ్చు, ఇక్కడ గడిచిన కాలాన్ని అక్కడ ఆలస్యంగా లెక్కించకూడదు. మంచి నమ్మకంతో తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని మినహాయించాలని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 ఎలాగూ చెబుతోంది. ఉత్తర్వులో రాసి ఉంటే ఆ సెక్షను కోసం మళ్లీ కొట్లాడుకోవాల్సిన పని ఉండదు. పిటిషన్ నిలుస్తుందా లేదా అన్న అభ్యంతరాన్ని అడ్మిషన్ దశలోనే తేల్చండి. నిలవదనుకుంటే మొదటి నెలలోనే చెప్పేయండి. మొదటి నెలలో కొట్టేసినా పార్టీకి వేరే దారి వెతుక్కునే వ్యవధి మిగులుతుంది. ఎనిమిదేళ్ల తర్వాత కొడితే అదీ మిగలదు.

వకీళ్లకు చెప్పాల్సింది ఇంకా ఎక్కువ. బెంచి మొహం చూసి, పని జరగదనిపించి, ‘విత్‌డ్రా చేసుకుంటాం’ అని కూర్చుంటాం. ‘లిబర్టీతో’, అంటే మళ్లీ వేసుకునే స్వేచ్ఛతో, అన్న మాట జతచేయకపోతే అదే విషయం మీద హైకోర్టులో రెండో రిట్టు రాదని సర్గూజా ట్రాన్స్‌పోర్ట్ కేసు 1986లో చెప్పింది. ఆ మాట అడగండి, ఉత్తర్వులో పడిందో లేదో చూసుకోండి. ఆఫీసు రిటర్న్ చేసిన కాగితాలు గుమస్తా బల్ల కింద నెలలు పడుకోనివ్వకండి. రీప్రెజెంటేషన్ ఆలస్యానికి కూడా మళ్లీ కామెర్లే రాయాల్సి వస్తుంది. కేసు పోయిన రోజున క్లయింటుకు ఇంగ్లీషు ఉత్తర్వు చేతిలో పెట్టి పంపేయకండి. ఒక తెల్లకాగితం మీద తెలుగులో నాలుగు పంక్తులు రాసివ్వండి. నీ గట్టు గురించి కోర్టు ఏమీ అనలేదు, ఫలానా కారణంతో కొట్టేసింది, ఇక వెళ్లాల్సింది ఫలానా చోటికి, ఇన్ని రోజుల లోపల. ఊళ్లో పదిమందికి అతను ఆ కాగితం చూపించుకోగలడు.

ఇంకొకటి, చివరిది. ఉత్తర్వు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ వేయండి. అప్పీలు గడువు లెక్కలో, నకలు తయారవడానికి పట్టిన రోజులను లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 కింద మినహాయిస్తారు. మనం దరఖాస్తు పెట్టకుండా కూర్చున్న రోజులను మినహాయించరు.